టీక, విమర్శ, సమాధానం: సమీక్ష వచ్చినప్పుడు రచయిత చేయదగినది

మరాఠీ మాధ్యమంలో చదువుకొని ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే విద్యార్థులకు సాహిత్య విమర్శ గురించి చెప్పబోతే మొదట ఒక మాట దగ్గర ఆగవలసి వస్తుంది. ఆ మాట 'టీక'. తెలుగులో టీక అంటే పద్యంలోని ఒక్కొక్క పదాన్ని విడదీసి అర్థం చెప్పడం. 'టీకా తాత్పర్యాలు' అన్న జంటపదం మన బడి చదువుల్లో అందరికీ తెలిసిందే. మరాఠీలోనూ ఈ పాత అర్థం పూర్తిగా పోలేదు. జ్ఞానేశ్వరిని ఇప్పటికీ గీత మీద టీక అనే అంటారు. కాని వార్తాపత్రికల మరాఠీలో, రోజువారీ మాటల్లో 'టీకా' అంటే తప్పుపట్టడం, ఆక్షేపించడం. 'విమర్శ' అనే మాట వ్యవహారం ఇంకో దారిలో నడిచింది. సంస్కృతంలో దానికి ఆలోచన, పరిశీలన అని అర్థం. హిందీలో, మరాఠీలో చర్చ అనే ఛాయ ఎక్కువ. తెలుగు సాహిత్య పరిభాషలో అది గుణదోష విచారణ. తెలుగు పత్రికల రాజకీయ వార్తల్లో మాత్రం 'విమర్శించారు' అంటే దుయ్యబట్టారనే అనుకోవాలి. ఒకే సంస్కృత పదం సరిహద్దు దాటేసరికి మెత్తబడటమో గట్టిపడటమో జరుగుతోందన్నమాట.

వీటికి తోడు మరాఠీలో 'మల్లినాథీ' అని మరో మాట ఉంది. ఎవరైనా చెప్పిన దానికి పక్క నుంచి కొంచెం కొంటెగా వ్యాఖ్య తగిలించడాన్ని 'మల్లినాథీ కర్‌ణే' అంటారు. ఈ మల్లినాథుడు మన కోలాచల మల్లినాథసూరే. మెదక్ ప్రాంతపు కొల్చారం ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యలు లేకుండా సంస్కృత విద్యార్థికి రోజు గడవదు. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసిన పండితుడి పేరు మరాఠీలో ఎగతాళి వ్యాఖ్యకు సామాన్యనామం కావడం భాషాచరిత్రలోని చిన్న అన్యాయం.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, బల్లార్‌పూర్ తాలూకాలోని కోఠారి గ్రామం నుంచి ఒక విద్యార్థిని కొంతకాలం క్రితం మా పీఠానికి ఉత్తరం రాసింది. ఆమె తొలి కథ ఒక సంకలనంలో వచ్చింది. ఆ సంకలనాన్ని ఒక పత్రిక సమీక్షిస్తూ ఆమె కథకు మూడు వాక్యాలు కేటాయించింది. మొదటి వాక్యం ముగింపు తొందరపాటుగా ఉందంది. రెండో వాక్యం భాష తెలుగులా లేదు, మరాఠీ వాసన కొడుతోందంది. దానికి ఉదాహరణగా 'ఆకలైతాంది' అన్న ప్రయోగాన్ని చూపించింది. మూడో వాక్యం కొంచెం సరసంగా ఉంది: కథలోని అవ్వ నెలలు నిండిన మనిషిగా కనిపించడం వింతగా ఉందన్నది దాని సారాంశం. ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. "దీనికి జవాబు రాయాలా, ఊరుకోవాలా? ఊరుకుంటే ఒప్పుకున్నట్లు కాదా?" రాయడమే మానేస్తే ఎలా ఉంటుందని కూడా చివర ఒక ముక్క ఉంది. నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఆ చివరి ముక్కే. కోఠారి లాంటి ఊళ్ళో తెలుగులో రాయడానికి పూనుకొనే వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వారిలో ఒకరు కలం పక్కన పెడితే ఆ ఖాళీ ఎవరికీ కనిపించదు కూడా.

ఆమె మొదటి ప్రశ్నకు మన సంప్రదాయం ఇచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ప్రబంధాల అవతారికలు చూడండి. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి అయిన తర్వాత కుకవినింద వస్తుంది. కావ్యం ఇంకా ఎవరూ చదవకముందే, దాన్ని తప్పుపట్టబోయే వారికి ముందుగానే నాలుగు వడ్డించడమన్నమాట. సమీక్ష రాకముందే సమాధానం సిద్ధం! ఇందులో కవుల అనుభవం ఎంతో, ఆచారం ఎంతో విడదీయడం కష్టం. నా మట్టుకు నాకు ఆచారం పాలే ఎక్కువగా తోస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి మేఘదూతంలో ఉందని మల్లినాథుడే అంటాడు. యక్షుడు మేఘానికి దారి చెబుతూ, తోవలో దిగ్గజాల లావైన తొండాల పొగరును తప్పించుకొని పైకి సాగిపొమ్మంటాడు. 'దిఙ్నాగ' శబ్దంలో శ్లేష ఉందని, దిఙ్నాగాచార్యుడు కాళిదాసు కావ్యాల్లో దోషాలు వెదికిన ప్రతిపక్షి అని, 'నిచుల' శబ్దంలో సూచితుడైన కవిమిత్రుడు ఆ దోషాలను పరిహరించినవాడని మల్లినాథుడి వ్యాఖ్యానం. చరిత్రకారులు దీన్ని అంతగా నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా ఆ కథలోని పని విభజన గమనించదగింది. ఆక్షేపణకు జవాబు చెప్పినవాడు కవి కాదు, అతని మిత్రుడు. కవి తన మేఘాన్ని తాను నడిపించుకొనిపోయాడు.

ఇంగ్లీషు సాహిత్యంలోనూ ఈ రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. బైరన్ తొలి పద్యాలను ఎడింబరో రివ్యూ 1808లో చీల్చి చెండాడితే, అతడు 1809లో ఒక దీర్ఘమైన వ్యంగ్యకావ్యంతో ఇంగ్లండు కవులనూ స్కాట్లండు సమీక్షకులనూ కలిపి ఉతికాడు. కీట్సు 'ఎండిమియన్' మీద 1818లో క్వార్టర్లీ రివ్యూలోనూ బ్లాక్‌వుడ్స్ పత్రికలోనూ వచ్చిన సమీక్షలు అంతకన్నా కఠినమైనవి. ఆ సమీక్షే కీట్సును చంపిందన్న కథ షెల్లీ ఎలిజీతో బాగా వ్యాపించింది. నిజానికి కీట్సు 1821లో చనిపోయింది క్షయతో. ఆ సమీక్షలు వచ్చిన కొద్ది రోజులకే రాసిన ఉత్తరంలో అతడు తన రచనను తాను విమర్శించుకోవడంలో కలిగిన బాధ ముందు పత్రికలు పెట్టిన బాధ తక్కువేనని స్థిమితంగా చెప్పుకొన్నాడు. ఆ తరువాతి సంవత్సరం అతడు రాసిన ఓడ్‌లు ఎలాంటివో మీకు తెలుసు.

మన దగ్గర బైరన్ దారి పట్టినవారు ఎక్కువ. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పెట్టారు. అప్పటికే కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి 'ఆంధ్రభాషాసంజీవని' నడుస్తోంది. ఇద్దరికీ భాష విషయంలోనూ సంఘ విషయంలోనూ పడలేదు. కొక్కొండవారు 'హాస్యవర్ధని' తీస్తే వీరేశలింగంగారు 'హాస్యసంజీవని' తీశారు. పేర్లు చూడండి, ఒకరి పత్రిక పేరులో సగం మరొకరు లాక్కొని ఎగతాళికి వాడుకొన్నారు. ఆ పోట్లాటలో ఎవరు గెలిచారో ఇప్పుడు పరిశోధకులకు తప్ప ఎవరికీ పట్టదు. అయితే ఆ హాస్యసంజీవనిలోనే తెలుగు ప్రహసనం పుట్టిందన్న మాట కూడా మరచిపోకూడదు. కోపం నుంచి ఒక ప్రక్రియ వచ్చింది. అలాంటి అదృష్టం తరచుగా పట్టదు. తిరుపతి వేంకటకవులకూ వేంకట రామకృష్ణ కవులకూ నడిచిన వాదంలో ఒక పక్క 'శతఘ్ని', మరో పక్క 'గీరతం' పుట్టాయి. అంత ప్రతిభ ఖర్చుపెట్టిన ఆ గ్రంథాలను ఈనాడు ఎంతమంది చదువుతున్నారు? ఉద్యోగవిజయాల పద్యాలు మాత్రం రంగస్థలం మీదా పల్లెల్లోనూ నిలబడ్డాయి.

ఇక కోఠారి విద్యార్థిని మూడు వాక్యాలకు వద్దాం. సమీక్ష మొత్తం ఒకే దెబ్బలా తగులుతుంది కాని, దానిలోని వాక్యాలన్నీ ఒకే జాతివి కావు. ఏ వాక్యం ఏ జాతిదో తేల్చుకోకుండా రాసిన జవాబు ఏదైనా తిరిగి రచయితకే తగులుతుంది.

అవ్వ సంగతి తేలిక. ఉత్తర తెలంగాణలో, దాన్ని ఆనుకొన్న చంద్రపూర్, గడ్చిరోలి తెలుగు ఇళ్ళలో అవ్వ అంటే తల్లి. కోస్తాలో అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో, లేదా వయసు మళ్ళిన ఏ స్త్రీ అయినా. సమీక్షకుడు తన ఊరి అర్థం పెట్టుకొని చదివాడు కాబట్టి ఆయనకు ముసలమ్మ గర్భవతి అయినట్లు కనిపించింది. ఇది అభిప్రాయం కాదు, వాస్తవ విషయంలో పొరపాటు. ఇలాంటి చోట రచయిత తప్పకుండా రాయాలి, సంపాదకుడికి రాయాలి, నాలుగు పంక్తుల్లో రాయాలి. ఈ ప్రాంతంలో ఈ మాటకు ఈ అర్థం అని చెప్పి సంతకం పెట్టాలి. 'సమీక్షకులకు తెలంగాణ తెలియదు' అన్న ఐదో పంక్తి చేరిందంటే ఉత్తరం చెడిపోయినట్లే. ఆ పంక్తికే ప్రత్యుత్తరం వస్తుంది, అవ్వ మళ్ళీ మరుగున పడుతుంది.

భాష మీది వాక్యం ఇంత తేలిక కాదు. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ని కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 'ఆకలైతాంది' మరాఠీ వాసన కొడుతోందా? మరాఠీలో 'భూక్ లాగ్‌లీ' అంటారు. అక్కడి క్రియ 'లాగ్‌ణే', తగలడం. 'ఆకలైతాంది'లో క్రియ 'అగు'. మరాఠీ నుంచి మక్కికి మక్కి దిగినదైతే మన వాళ్ళు 'ఆకలి తగిలింది' అని ఉండాలి. ఎవరూ అనరు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మరాఠీ ఒక్క ముక్క రానివారు కూడా 'ఆకలైతాంది' అనే అంటారు. వార్ధా నది అవతలి రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో ఉండేదన్న సంగతి గుర్తు పెట్టుకొంటే, ఈ తెలుగు ఎక్కడినుంచో కొట్టుకొచ్చింది కాదని, అక్కడి పల్లెలతో తెగకుండా సాగిన మాటేనని తెలుస్తుంది. కాబట్టి సమీక్షకుడి ఉదాహరణ తప్పు.

కాని ఆయన ఆరోపణ మొత్తం తప్పా? ఆ కథ నేను తెప్పించుకొని చదివాను. అందులో బడిని 'శాళ' అంది. అది తెలంగాణ మాట కాదు, అచ్చంగా మరాఠీ మాట. పాత్ర నోట వస్తే దానికి అభ్యంతరం ఉండకూడదు. కోఠారిలో పిల్లలు అలాగే అంటారు. కథకురాలు తన గొంతుతో చెప్పే వాక్యంలో కూడా అదే వచ్చింది. అక్కడ అది ఎంచుకొని వాడిన మాటా, చేతికి వచ్చిన మాటా అన్నది ఆమే తేల్చుకోవాలి. ఎంచుకొన్నదైతే ఉండనివ్వాలి. సమీక్షకుడు తప్పు ఉదాహరణ చూపించి నిజమైన చోటును దాటిపోయాడు. సమీక్షల్లో ఇది తరచుగా జరుగుతుంది. ఉదాహరణ తప్పని రుజువు చేయగానే ఆరోపణ పోయిందని రచయిత సంబరపడటం కూడా అంత తరచుగానూ జరుగుతుంది.

భాష మీద వచ్చిన ఆక్షేపణకు ఉత్తరం చాలదు, సాక్ష్యం కావాలి. ఈ విషయంలో గిడుగు రామమూర్తిగారిని మించిన గురువు లేరు. వ్యావహారిక భాష గ్రామ్యమనీ, దానికి వ్యాకరణం లేదనీ, రాయకూడదనీ పండితులు అన్నప్పుడు ఆయన వారి పాండిత్యాన్ని తక్కువ చేయలేదు. వారి పుస్తకాలే తెరిచారు. గ్రాంథికం తప్ప మరొకటి రాయరాదన్నవారి రచనల్లోంచే, వారు చెప్పే వ్యాకరణానికి సరిపడని రూపాలను ఏరి చూపించారు. ప్రాచీన కవుల నుంచి, పాత వచన గ్రంథాల నుంచి, శాసనాల నుంచి ప్రయోగాలు పోగుచేశారు. 1933లో వచ్చిన ఆయన గ్రంథం పేరు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము'. భిషక్కు అంటే వైద్యుడు. భేషజం సంస్కృతంలో మందు, తెలుగు వాడుకలో పటాటోపం. పేరులో చురక వేసి లోపల అంతా సాక్ష్యం నింపారు. చురక మనకు జ్ఞాపకం ఉంటుంది కాని పని చేసింది సాక్ష్యమే. సవర మాట్లాడేవారి దగ్గర కూర్చొని వారి భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన మనిషి కాబట్టి, నోటి మాటను చెవితో విని రాసుకోవడం ఆయనకు అలవాటు.

మీకు ఆ పని ఇప్పుడు మరింత సులువు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో 1962 నుంచి వచ్చిన మాండలిక వృత్తిపదకోశాలు ఉన్నాయి. నలిమెల భాస్కర్‌గారి తెలంగాణ పదకోశం ఉంది. యశోదారెడ్డిగారి 'మా ఊరి ముచ్చట్లు', అల్లం రాజయ్యగారి కథలు ఉన్నాయి. అన్నిటికన్నా ముందు మీ ఇంట్లో మీ అవ్వ, బాపు ఉన్నారు. ఒక నోటుపుస్తకం పెట్టుకొని ఏ మాట ఎవరు ఏ సందర్భంలో అన్నారో ఊరి పేరుతో సహా రాసుకోండి. 'మా ఊళ్ళో ఇలాగే అంటారు' అన్న ఒక్క వాక్యం ఎవరినీ ఒప్పించదు. ఇరవై ప్రయోగాలు చూపించిన రెండు పుటల వ్యాసం సమీక్షకుణ్ని కాకపోయినా సంపాదకుణ్ని ఒప్పిస్తుంది.

ఒక వ్యక్తి మీద కాక ఒక ప్రాంతం మొత్తం మీద తీర్పు వచ్చినప్పుడు ఏం చేయాలి? దానికి మన దగ్గర గొప్ప ఉదాహరణ ఉంది. నిజాం రాష్ట్రపు తెలుగు ప్రాంతంలో కవులు పూజ్యమన్న మాట 1930ల తొలి రోజుల్లో వినవచ్చింది. పూజ్యం అంటే ఇక్కడ సున్న. సురవరం ప్రతాపరెడ్డిగారి చేతిలో 1926 నుంచి నడుస్తున్న 'గోలకొండ పత్రిక' ఉంది. తలచుకొంటే ఆయన సంపాదకీయాలతో ఏడాది పొడవునా యుద్ధం చేయగలిగేవారు. అందుకు బదులు ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. అందులో 354 మంది కవులు ఉన్నారు. సున్న అన్నవారికి 354 అన్న అంకె కన్నా సూటి జవాబు మరొకటి ఉండదు.

ఈ సంచికను తలచుకొన్నప్పుడల్లా పొగడ్తతో ఆగిపోవడం మనకు అలవాటైంది. కాని దాన్ని సమాధానంగా పరీక్షిస్తే ఒక పరిమితి కూడా కనిపిస్తుంది. 'కవులు ఉన్నారా' అన్న ప్రశ్నకు అంకె జవాబు. 'మంచి కవిత్వం ఉందా' అన్న ప్రశ్నకు అంకె జవాబు కాదు. 354 మందిలో అందరూ సమానులు కారని చదివినవారికి తెలుస్తుంది. ప్రతాపరెడ్డిగారు వేసుకొన్న ప్రశ్న మొదటిదే, దానికి పూర్తిగా జవాబిచ్చారు. మహారాష్ట్ర తెలుగువారు ఇలాంటి సంచిక ఒకటి తెస్తే బాగుంటుందని నేను చాలాసార్లు అన్నాను. చంద్రపూర్, బల్లార్‌పూర్, సిరొంచ, సోలాపూర్, ముంబయి కామాఠీపురా, ఇన్ని చోట్ల తెలుగు బతుకుతోంది. అయితే తెచ్చేవారు రెండో ప్రశ్నను కూడా ముందే వేసుకొని, ఏరి తేవాలి. లేకపోతే వచ్చే సమీక్ష మీద మళ్ళీ అలగవలసి వస్తుంది.

మిగిలింది ముగింపు తొందరపాటుగా ఉందన్న వాక్యం. దీనికి జవాబు లేదు. సమీక్షకుడు చదువుతూ పొందిన అనుభవం అది, ఆయనకు అలా అనిపించింది. 'అనిపించలేదు' అని మనం ఆయన తరఫున చెప్పలేం. ముగింపులో ఇంత అర్థం పెట్టానని రచయిత వివరించబోతే, ఆ అర్థం కథలో కనిపించలేదన్న సంగతి తానే ఒప్పుకొన్నట్లు అవుతుంది. ఇక్కడ ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు, ఆ వాక్యాన్ని పనిలోకి తీసుకోవడం. కథను మూడు నెలలు పక్కన పెట్టి మళ్ళీ చదవాలి. సమీక్షకుడు చెప్పిన మందు పనికిరాకపోవచ్చు కాని, ఆయన నొప్పి అన్నచోట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ కథ ముగింపు గురించి నా అభిప్రాయం ఆమెకు విడిగా రాశాను, ఇక్కడ చెప్పను.

పేరడీ గురించి ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. మరాఠీలో ఆచార్య అత్రే 1925లో 'ఝేండూచీ ఫులే' పేరుతో రవికిరణ మండలి కవుల ధోరణిని అనుకరించి నవ్వించారు. తెలుగులో జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రిగారు ఆ పని చేశారు. పేరడీ కూడా సమీక్షే, ఒక్కోసారి అన్నిటికన్నా సూక్ష్మమైన సమీక్ష. అనుకరించడానికి వీలైనంతగా మీకొక బాణీ ఉందని ఎదుటివాడు ఒప్పుకొన్నట్లే కదా. దానికి తగిన జవాబు నవ్వడమే.

సమీక్షకు రచయిత ఇవ్వగల పెద్ద జవాబు మలికూర్పు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. పన్నెండేళ్ళ తరువాత 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడంకాలయ్యాయి, మధురవాణి పెరిగి నాటకానికి ఆయువుపట్టయింది. ఈ మార్పులన్నీ సమీక్షల వల్ల వచ్చాయని చెప్పడానికి వీల్లేదు. తన రచన మీద గురజాడకు ఉన్న సొంత అసంతృప్తే చాలావరకు కారణమై ఉంటుంది. కాని ఒక సంగతి గమనించండి. మొదటి కూర్పు నాటికే వ్యావహారికంలో నాటకం రాయడం పండితులకు గిట్టని పని, 1909 నాటికి ఆ వివాదం చల్లారకపోగా ముదురుతోంది. నిర్మాణంలో అన్నీ తిరగరాసిన గురజాడ భాష విషయంలో మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. పైగా రెండో కూర్పు పీఠికలో వాడుక భాష పక్షాన నిలబడి వాదించారు. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో ఆయనకు స్పష్టంగా తెలుసు. మొదటి కూర్పు చాలాకాలం దొరకకుండా పోతే బంగోరె 1969లో దాన్ని 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో తిరిగి అచ్చువేశారు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకొని, మధురవాణి వచ్చే రంగాలు మొదట చదవండి. ఏ వాక్యం పోయింది, ఏ వాక్యం నిలిచింది అని పెన్సిలుతో గుర్తు పెట్టుకొంటూ పోతే రెండు మూడు వారాల పని.